మొదటి వాయి అల్లం బీరు: విశాఖ ఉక్కపోతలో అపోహలు, వాస్తవాలు

అల్లం, పంచదార నీళ్లను పులియబెట్టి సీసాలో గ్యాస్ పట్టించే పానీయం అల్లం బీరు. దీనికి దొరికే కొలతలు చాలావరకు చలిదేశాల వంటిళ్లవి. గది 18-20 డిగ్రీలు ఉంటుందని లెక్కగట్టి రాసినవి. విశాఖలో మే నెలలో పొయ్యి గట్టు మీద 32 ఉంటుంది. చలికాలం తెల్లారేదాకా పొంగని ఇడ్లీ పిండి వేసవిలో అర్ధరాత్రికే గిన్నె దాటి పొర్లదూ? ఇదీ అంతే. మొదటి వాయిలో తప్పు సాధారణంగా సరుకులది కాదు, గడియారానిది.

కింద చెప్పేదంతా 2 లీటర్ల వాయికి: అల్లం 100 గ్రాములు, పంచదార 160 గ్రాములు, రెండు పెద్ద నిమ్మకాయల రసం, అల్లం తోడు 120 మి.లీ. తోడు అంటే అరలీటరు నీళ్లలో తొక్కతో సహా తురిమిన అల్లం, పంచదార రెండేసి పెద్ద చెంచాలు వేసి, రోజూ ఒక్కో చెంచా కలుపుతూ బుడగలు కట్టేదాకా ఉంచింది. మన వేసవిలో మూడు నాలుగు రోజులు చాలు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి పావుగంట మరగబెట్టి చల్లార్చినవే వాడాలి.

అపోహ: తీపి తగ్గింది కాబట్టి వచ్చేసారి పంచదార పెంచాలి.

అందరూ పడే గుంట ఇదే. గ్లాసులో తగిలే తీపి మనం వేసింది కాదు, తోడులోని ఈస్ట్ తినగా మిగిలింది. ఒక గ్రాము పంచదార పులిస్తే దాదాపు అర గ్రాము కార్బన్ డయాక్సైడ్, అర గ్రాము ఆల్కహాల్ వస్తాయి. ఈ వాయిలో లీటరుకు 80 గ్రాముల పంచదార ఉంది. అందులో 12 గ్రాములు పులిస్తే చాలు, నాలుక చురుక్కుమనేంత గ్యాస్ తయారవుతుంది. మొత్తం 80 పులిస్తే 40 గ్రాముల గ్యాస్. దాన్ని ఆపే సీసా ఇంట్లో ఉండదు. తీపి చాలకపోతే పంచదార అలాగే ఉంచి, ఆరు గంటలు ముందే ఫ్రిజ్‌లో పెట్టేయండి.

అపోహ: ఇంట్లో చేసిందే కదా, ఆల్కహాల్ ఉండదు.

పై లెక్కే మళ్లీ. లీటరుకు 8 గ్రాములు పులిసేసరికి ఆల్కహాల్ పరిమాణంలో 0.5 శాతానికి చేరుతుంది. మన ఆహార భద్రత నియమాల్లో అది దాటితే ఆల్కహాల్ పానీయమే. లైసెన్సు లేకుండా ఆల్కహాల్ తయారు చేయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద నేరం, ఇది సరదా కాదు. హైడ్రోమీటర్ (ద్రవం నీటికన్నా ఎంత చిక్కనో చూపే తేలే కాడ) ఉంటే మొదట 1.031 దగ్గర చూపిస్తుంది, పంచదార పులిసేకొద్దీ దిగుతుంది, 1.027కి దిగిందంటే ఆ 0.5 శాతం గీత దగ్గరికి వచ్చేసినట్టే. కొలిచే ముందు గ్యాస్ పూర్తిగా పోగొట్టాలి, లేకపోతే బుడగలు కాడను పైకెత్తి తప్పు చూపిస్తాయి. రెండుసార్లూ ద్రవం ఒకే వేడిలో ఉండాలి. ఆ గీత లోపలే ఆపి, గ్యాస్ చాలకపోతే తాగేముందు చల్లటి గోళీ సోడా కలుపుకోవడం మాకు నచ్చిన దారి. అయినా పిల్లలకు, గర్భిణులకు ఇవ్వకండి.

అపోహ: గాజు సీసా గట్టిది కాబట్టి అదే మేలు.

పగిలితే గాజు ముక్కలు గోడకు గుచ్చుకుంటాయి. అడుగున అయిదు కాళ్లుండే కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసా వాడండి. మంచినీళ్ల పల్చటి సీసా పనికిరాదు. పైన మూడు వేళ్ల ఖాళీ వదలాలి. బొటనవేలితో నొక్కితే లొత్త పడకుండా రాయిలా తగిలిందంటే వెంటనే ఫ్రిజ్‌లోకి. ఫ్రిజ్ ఈస్ట్‌ను చంపదు, నెమ్మదింపజేస్తుందంతే, వారంలోపు తాగేయాలి. వెచ్చగా ఉండగా మూత తీస్తే సగం సీసా పైకప్పుకే.

అపోహ: చల్లగా ఒక గుక్క తాగితే రుచి తేలిపోతుంది.

చలి తీపినీ వాసననూ అణచేస్తుంది, గ్యాస్ తనే పుల్లగా చురుక్కుమంటుంది. అందుకే రెండో గ్లాసు పెట్టుకుని, టీ కొట్టులో పైకెత్తి పోసినట్టు పదిసార్లు తిరగబోసి, ఇరవై నిమిషాలు ఆగి, ముందు వాసన చూసి తర్వాత నోట పోసుకోండి.

చల్ల పులుపైతే చెడినట్టు కాదు. మరీ ఎక్కువైతే తోడు ఆకలితో ఉందని అర్థం, వాడే ముందు రోజు మేత వేయాలి. వెనిగర్ ఘాటు ముక్కుకెక్కితే గాలి తగిలింది, లేదా పండు ఈగలు దూరాయి. జాడీకి సన్నటి నేత గుడ్డ రెండు మడతలు వేసి కట్టండి. కుళ్లిన గుడ్డు వాసన ఈస్ట్ ఇబ్బంది పడ్డ గుర్తు, చాలాసార్లు తిరగబోస్తే పోతుంది. నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం వాసన తరచూ వేడి మితిమీరినప్పుడు వస్తుంది. సీసాను నీళ్ల తొట్టిలో ఉంచండి. చెంచాతో ఎత్తితే తీగలా సాగితే పంచదార తిని బంక కట్టే బాక్టీరియా చేరింది. ఆ తోడు పారబోసి, జాడీని మరిగించి, కొత్తది మొదలుపెట్టడమే.

అపోహ: ఘాటు రాలేదు, అల్లం రెట్టింపు వేయాలి.

లేత అల్లానికి ఘాటు తక్కువ, పీచు పట్టిన ముదురుదే కావాలి. ఎక్కువసేపు మరిగితే పచ్చి ఘాటు మెత్తబడుతుంది, సువాసన ఆవిరైపోతుంది. 60 గ్రాములు పావుగంట మరిగించి, మిగిలిన 40 గ్రాముల పచ్చి రసం చల్లారాక కలపండి. ఆ రసాన్ని ముందు పది నిమిషాలు కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి పిండి పేరుకుంటుంది, పైతేట మాత్రమే వంచుకోవాలి. ఇంకా మంట కావాలంటే మరిగేటప్పుడు పావు చెంచా శొంఠి. ఎండినప్పుడు అల్లం ఘాటు పెరుగుతుంది.

అపోహ: పక్కనే అనకాపల్లి ఉండగా పంచదార ఎందుకు?

బెల్లం వాసన అల్లాన్ని మింగేస్తుంది. 160 గ్రాముల్లో 40 మాత్రమే బెల్లం, అదీ కరిగించి వడకట్టి. నిగనిగలాడే పసుపు బెల్లంలో రంగు కోసం హైడ్రోస్ (రంగు తేల్చే గంధకపు రసాయనం) పడి ఉండొచ్చు. ఆ గంధకం ఈస్ట్‌ను అణచేస్తుంది. ముదురు గోధుమ రంగుది తీసుకోండి. (మరీ నల్లది అడిగితే కొట్టువాడు మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు, సారా కాచేవాళ్ల సరుకది.)

తోడు మీద పల్చటి, ముడతల తెల్ల పొర బూజు కాదు, తీసేయొచ్చు. నూగులా లేచి పచ్చగా, నల్లగా ఉంటే జాడీ మొత్తం పారబోయాలి.

రెండో వాయికి సరుకులేవీ మార్చకండి. నాలుగు అరలీటరు సీసాల్లో నింపి, మూతల మీద మార్కర్‌తో 12, 18, 24, 30 అని గంటలు రాయండి. ఏ గంట రాసిన సీసాను ఆ గంటకు ఫ్రిజ్‌లో పెట్టాలి. అంతకుముందే రాయిలా గట్టిపడితే అప్పుడే. మర్నాడు నాలుగూ పక్కపక్కన తిరగబోసి రుచి చూడండి. డిసెంబరులో ఈ నాలుగు అంకెలూ మళ్లీ కొత్తగా రాసుకోవాలి.