మట్టిని నూనెకు మచ్చిక చేయడం

రెండు గాజు గ్లాసులు తీసుకుందాం. ఒకదానిలో నీళ్లు, రెండోదానిలో టోలీన్ అనే నూనెతత్వపు ద్రావకం. రెండింట్లోనూ చిటికెడు బెంటొనైట్ అనే మట్టి పొడి చల్లితే, నీళ్లలో పడ్డది నాని, ఉబ్బి, గ్లాసంతా మబ్బులా అలుముకుంటుంది. టోలీన్‌లో పడ్డది ఇసుకలా అడుక్కి దిగి, కదలకుండా కూర్చుంటుంది. ఇప్పుడు ఇదే బెంటొనైట్‌ను ఒక ప్రత్యేకమైన లవణంతో కడిగి, ఆరబెట్టి, మళ్లీ చల్లుదాం. ఈసారి కథ తిరగబడుతుంది. నీళ్ల మీద పొడి తడవకుండా తేలుతుంది. టోలీన్‌లో మాత్రం ఉబ్బి జెల్లీలా చిక్కబడుతుంది.

మట్టి అదే, గనిలోంచి వచ్చిన ఖనిజమూ అదే. మారింది దాని ఇష్టాయిష్టాలు మాత్రమే. ప్లాస్టిక్‌లో మట్టి కలిపి దాన్ని గట్టిపరిచే విద్య మొత్తం ఈ మార్పు మీదే ఆధారపడి ఉంది. ఈ రంగంలో ‘నానో’ అన్న మాటకు వచ్చినంత పేరు ఈ కడుగుడుకు రాలేదు కానీ, నా దృష్టిలో అసలు పని అక్కడే జరుగుతుంది.

బెంటొనైట్‌లో ముఖ్యమైన ఖనిజం మాంట్‌మొరిల్లొనైట్. ఫ్రాన్స్‌లోని మాంట్‌మొరిల్లాన్ ఊరి పేరే దానికి పెట్టారు. దాన్ని పలకల దొంతరగా ఊహించుకోవచ్చు. రెండు సిలికా రేకుల మధ్య ఒక అల్యూమినా రేకు చేరి ఒక్కో పలక అవుతుంది. మందం సుమారు 1 నానోమీటరు, వెడల్పు 100 నుంచి 1000 నానోమీటర్ల దాకా. ఈ పలకను మామూలు కాగితం మందానికి పెంచి చూస్తే, వెడల్పు చిన్న తపాలా బిళ్ల మొదలుకొని పోస్టుకార్డు దాకా ఉంటుందన్నమాట. కంటికి కనిపించీ కనిపించని ఒక్క మట్టి రేణువులో ఇలాంటి పలకలు వేల కొద్దీ ఒకదాని మీద ఒకటి అంటుకుని ఉంటాయి.

పలకల లోపల చిన్న లోపం ఒకటుంది. మూడు ధనావేశాల అల్యూమినియం ఉండాల్సిన చోట అక్కడక్కడ రెండే ఉన్న మెగ్నీషియం చేరిపోతుంది. ఆ లోటు వల్ల పలక మొత్తానికి ఋణావేశం వస్తుంది. దాన్ని సరిచేయడానికి పలకల మధ్య సందుల్లో సోడియం, కాల్షియం అయాన్లు వచ్చి నిలుస్తాయి. అవి అక్కడ పాతుకుపోయినవి కావు, అద్దెకున్నవి. ఇంకో ధనావేశపు అయాన్ గట్టిగా అడిగితే ఖాళీ చేసి వెళ్లిపోతాయి. 100 గ్రాముల మాంట్‌మొరిల్లొనైట్‌లో ఇలా మార్చుకోగల అయాన్ల లెక్క సాధారణంగా 80 నుంచి 120 మిల్లీఈక్వివలెంట్లు (అయాన్ల ఆవేశాన్ని లెక్కించే కొలమానం).

నీళ్లంటే మట్టికి అంత ఇష్టం ఈ అయాన్ల వల్లే. నీటి అణువులు వాటి చుట్టూ మూగుతాయి, సందు వెడల్పవుతుంది, మట్టి ఉబ్బుతుంది. నూనె లాంటి పాలిమర్ గొలుసుకు, అంటే ప్లాస్టిక్‌లోని పొడవాటి అణువుకు, అక్కడ పనేమీ లేదు. పచ్చి మట్టిని కరిగిన ప్లాస్టిక్‌లో, ఉదాహరణకు పాలీప్రొపిలీన్‌లో ఎంత కలిపినా, దొంతర దొంతరగానే మిగిలిపోతుంది.

మరి కడగడమంటే ఏం చేస్తారు? మట్టిని వేడి నీళ్లలో, సుమారు 80 డిగ్రీల దగ్గర, గంటల తరబడి కలుపుతారు. వేరే పాత్రలో పొడవాటి తోక ఉన్న అమ్మోనియం లవణాన్ని కరిగిస్తారు. తోకంటే 16, 18 కార్బన్ల గొలుసు, తలంటే ధనావేశం ఉన్న నైట్రోజన్. ఈ ద్రావణాన్ని మట్టినీళ్లలో పోయగానే, చిక్కగా నునుపుగా ఉన్నదంతా పాలు విరిగినట్టు పలుకులు పలుకులుగా విడిపోతుంది. తల పలకకు అతుక్కుంది, సోడియం నీళ్లలోకి వెళ్లిపోయింది, తోక సందులో పరుచుకుంది. ఇంత స్పష్టంగా కంటికి కనిపించే రసాయన చర్యలు తక్కువే.

చాలామంది ఇళ్లలో, తెలియకుండానే, ఇలాంటి పనే జరుగుతుంటుంది. హెయిర్ కండిషనర్ సీసా వెనక ‘సెట్రిమోనియం’ అన్న పేరు చూసే ఉంటారు. అదీ ఈ జాతి అణువే. తడి జుట్టుకు ఋణావేశం ఉంటుంది, అణువు తల దానికి అంటుకుంటుంది, తోక బయటికి ఉంటుంది, జుట్టు నున్నగా జారుతుంది. మట్టి కూడా అలాగే జిడ్డు పట్టిన ఒళ్లు తెచ్చుకుంటుంది.

తర్వాత వడకట్టి, నీళ్లతో మళ్లీ మళ్లీ కడగాలి. విసుగు పుట్టించేది ఇదే. కడిగిన నీళ్లలో ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేసి చూస్తారు. తెల్లగానో లేత పసుపుగానో మసకబారితే క్లోరైడో బ్రోమైడో ఇంకా ఉందని అర్థం, మళ్లీ కడగాలి. ఇక చాల్లే అని మధ్యలో ఆపితే, పలకకు అంటుకోని మిగులు లవణం తర్వాత ప్లాస్టిక్‌లోకి వచ్చి చిక్కులు తెస్తుంది. అన్నీ సరిగ్గా చేస్తే, ఆరిన పొడిలో దాదాపు మూడో వంతు తోకల బరువే ఉంటుంది. ‘5 శాతం మట్టి కలిపాం’ అని ఎవరైనా అంటే అది ఖనిజం లెక్కా, తోకలతో కలిపిన లెక్కా అని అడగడం మంచిది.

ఈ కడిగిన మట్టికి ఆర్గానోక్లే అని పేరు. 1949లో అమెరికాలో జాన్ జోర్డాన్ దీని గుణాలను వివరంగా ప్రచురించాడు. అప్పట్లో దృష్టి ప్లాస్టిక్ మీద లేదు. గ్రీజు, పెయింటు చిక్కబడి, కారిపోకుండా నిలవాలి, అంతే. ప్లాస్టిక్ కథకు ఊపు వచ్చింది 1980లలో, జపాన్‌లోని టొయోటా సెంట్రల్ పరిశోధనశాలలో. ఒకాడా, ఉసుకి, వాళ్ల సహచరులు 12-అమైనోలారిక్ ఆమ్లంతో మట్టిని మార్చారు. ఈ అణువు రెండు చేతుల మనిషి లాంటిది. ఒక చెయ్యి పలకను పట్టుకుంటుంది, రెండో చెయ్యి నుంచి నైలాన్-6 గొలుసు మొలుస్తుంది. ముడిసరుకైన కాప్రోలాక్టమ్‌ను ముందు సందుల్లోకి పంపి, అక్కడే పాలిమర్‌గా మారిస్తే, పెరుగుతున్న గొలుసులే పలకల్ని పక్కకు తోసేశాయి. దొంతర విడిపోయింది.

సుమారు 4 శాతం మట్టితోనే తన్యత బలం (లాగితే తెగకుండా తట్టుకునే బలం) 69 నుంచి 107 మెగాపాస్కల్స్‌కు చేరింది, గట్టిదనం 1.1 నుంచి 2.1 గిగాపాస్కల్స్‌కు. అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది వేడి సంగతి. బరువు పెట్టినప్పుడు నైలాన్ వంగడం మొదలుపెట్టే ఉష్ణోగ్రత 65 నుంచి 145 డిగ్రీల దగ్గరకు ఎగబాకింది. ఇంజిన్ పక్కన పెట్టలేని ప్లాస్టిక్‌ను పెట్టగలిగేలా చేసింది ఆ తేడాయే. కారులో టైమింగ్ బెల్టు కవరుగా అది రోడ్డెక్కింది. మామూలుగా సున్నపురాయి పొడో, టాల్కో 20, 30 శాతం కలిపి బరువు పెంచుకుంటేగానీ కనిపించే మెరుగు కనిపించదు.

ఇంత కొంచెం మట్టి అంత పని ఎలా చేస్తుంది? ఉపరితలం వల్ల. పూర్తిగా విడదీసిన ఒక గ్రాము మాంట్‌మొరిల్లొనైట్ పలకల ఉపరితలం సుమారు 750 చదరపు మీటర్లు, అంటే దాదాపు మూడు టెన్నిస్ కోర్టులు. పాలిమర్ గొలుసుల్లో చాలా భాగం ఏదో ఒక పలక పక్కనే ఉండిపోయి, స్వేచ్ఛగా కదలలేకపోతాయి.

వాయువుల విషయంలో లెక్క ఇంకా తేటగా కనిపిస్తుంది. ప్లాస్టిక్ పొరలో అడ్డంగా పరిచిన పలకల మధ్య నుంచి ఆక్సిజన్ అణువు బయటపడాలంటే చుట్టు తిరిగి పోవాలి. నీల్సన్ అనే పరిశోధకుడు 1967లో ఇచ్చిన సూత్రంతో లెక్కిద్దాం. ఘనపరిమాణంలో 2 శాతం మట్టి (బరువులో ఇంచుమించు 5 శాతం), పలకల వెడల్పు మందానికి 100 రెట్లు అనుకుంటే, వాయువు కారడం సగానికి పడిపోతుంది. అదే మట్టి సరిగా విడిపోక, వెడల్పు మందానికి పది రెట్లే ఉండే ముద్దలుగా మిగిలితే తగ్గేది 11 శాతమే. మట్టి పరిమాణం ఒక్కటే, ఖర్చూ ఒక్కటే.

1993లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో వైయా, ఇషీ, జియానెలిస్ ఒక సులువైన దారి చూపించారు. పాలిమర్‌ను కొత్తగా తయారు చేయనక్కర్లేదు, ఉన్న పాలీస్టైరీన్‌నే కరిగించి ఆర్గానోక్లేతో కలిపితే గొలుసులు వాటంతటవే సందుల్లోకి దూరతాయి. దాంతో ఫ్యాక్టరీల్లో ఉన్న, ప్లాస్టిక్‌ను కరిగించి మూతిలోంచి నెట్టే ఎక్స్‌ట్రూడర్లే ఈ పనికి పనికొచ్చాయి. ప్రయోగాలూ పేపర్లూ వెల్లువెత్తాయి. అయితే నైలాన్ ఒప్పుకున్నంత తేలిగ్గా పాలీప్రొపిలీన్ ఒప్పుకోలేదు. అది మరీ నూనెతత్వం గలది, తోకలున్న మట్టి కూడా దానికి పరాయిదే. అందుకని మట్టికి నచ్చే మాలిక్ అన్‌హైడ్రైడ్ అతికించిన పాలీప్రొపిలీన్‌ను మధ్యవర్తిగా కొంత కలుపుతారు. మధ్యవర్తి ఎక్కువైతే గట్టిదనం తగ్గుతుంది, తక్కువైతే మట్టి విడిపోదు.

విడిపోయిందా లేదా అన్నది చూడటానికి ఎక్స్-రే వాడతారు. మామూలు రాగి ఎక్స్-రే గొట్టంతో చూస్తే, గదిలోని తేమ పీల్చుకున్న సోడియం మట్టి పలకల మధ్య దూరం 1.2 నానోమీటర్లయినప్పుడు 7.4 డిగ్రీల కోణం దగ్గర గ్రాఫులో శిఖరం వస్తుంది. తోకలు చేరి దూరం 2 నానోమీటర్లయితే శిఖరం 4.4 దగ్గరకు జరుగుతుంది. పలకలు పూర్తిగా విడిపోతే శిఖరమే ఉండదు. చిక్కంతా ఇక్కడే. శిఖరం లేకపోవడానికి ఇంకా కారణాలుంటాయి: మట్టి తక్కువగా ఉండొచ్చు, దొంతరలు గజిబిజిగా పడి ఉండొచ్చు. గ్రాఫులో గీత చదునుగా కనిపించగానే సంబరపడిపోయి ‘పూర్తిగా విడివడింది’ అని రాసేసిన పేపర్లకు కొదవ లేదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసినదాకా నమ్మకపోవడమే క్షేమం.

మంటల విషయంలోనూ అతిగా ఆశపడకూడదు. నైలాన్-6లో 5 శాతం మట్టితో, మండేటప్పుడు వేడి వెలువడే వేగపు గరిష్ఠం 63 శాతం తగ్గిందని అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీలో గిల్మన్ బృందం చూపింది. పలకలు పైకి చేరి పొట్టులా కప్పేయడం దీనికి కారణం. కానీ అంటుకోకుండా ఆపదు, మొత్తం వేడీ పెద్దగా తగ్గదు. నిదానంగా కాలుతుంది, అంతే.

ఇక తోకల సంగతి. అమ్మోనియం తోకలు సుమారు 200 డిగ్రీల దగ్గరే తెగడం మొదలుపెడతాయి. నైలాన్‌ను కరిగించి కలపాలంటే అంతకన్నా ఎక్కువ వేడి తప్పదు. ఎక్స్‌ట్రూడర్ మూతి దగ్గర చేపకంపు లాంటి అమైన్ వాసన వచ్చి, బయటికొస్తున్న దారం లేత పసుపుగా మారుతుంటే, ఆపరేటర్‌కు లోపల ఏం జరుగుతోందో చెప్పనక్కర్లేదు. ఫాస్ఫోనియం, ఇమిడజోలియం తలలున్న లవణాలు ఇంకొంచెం వేడి తట్టుకుంటాయి కానీ వాటి ఖరీదు ఎక్కువ. అమ్మోనియం తోక తెగిపోయిన చోట పలక మీద మిగిలేది ఒక హైడ్రోజన్ అయాన్. సందు మళ్లీ ఇరుకవుతుంది, అక్కడ మట్టికి మళ్లీ నీళ్లే నచ్చుతాయి.