'అట' ఎప్పుడు రాలిపోతుంది?

తెలుగులో 'అట' అని ఒక చిన్న పలుకు ఉంది. కళ్ళారా చూసినదానికీ, ఒకరి నోట విన్నదానికీ మధ్య గీత గీయడం దాని పని. "ఏడాది వయసులో నేను మంచం మీదినుంచి పడ్డానట" అంటాం. పడ్డది మనమే, దెబ్బ తగిలింది మనకే, అయినా ఆ సంఘటనకు మనం సాక్షులం కాము కనుక వాక్యం చివర ఆ పలుకు వచ్చి కూర్చుంటుంది. అదే సంగతిని ఏళ్ళ తరబడి పదిమందికి చెప్పాక, ఎవరూ గమనించకుండానే, అది రాలిపోతుంది: "చిన్నప్పుడు మంచం మీదినుంచి పడ్డాను, నాకు బాగా గుర్తు." విన్న కథ సొంత జ్ఞాపకంగా మారిన ఘడియ ఇదీ అని చెప్పగలిగినవారు నాకింతవరకూ తారసపడలేదు.

మొట్టమొదటి జ్ఞాపకం ఏదని పెద్దవాళ్ళను అడిగితే, చాలామంది సుమారు మూడు, మూడున్నరేళ్ళ వయసు దగ్గర ఆగిపోతారు. అంతకు ముందరి కాలం దాదాపు ఖాళీగా ఉంటుంది. దీన్ని శైశవ విస్మృతి అంటారు. జ్ఞాపకాలను పొందుపరచడంలో ముఖ్య పాత్ర వహించే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం ఆ వయసులో ఇంకా ఎదుగుతూ ఉండటం దీనికి ఒక కారణం. అయితే కారణం అదొక్కటే అయితే ఆ వయసు అందరిలోనూ ఇంచుమించు ఒకటిగా ఉండాలి. న్యూజిలాండ్‌లో జరిగి 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో అక్కడి మూలవాసులైన మావోరీల తొలి జ్ఞాపకాలు సగటున మూడేళ్ళ లోపే మొదలయ్యాయి. యూరోపియన్ మూలాలున్నవారివి అంతకంటే ఆలస్యంగా మొదలయ్యాయి. గతాన్ని విస్తారంగా చెప్పుకునే మావోరీ సంప్రదాయానికీ ఈ తేడాకూ సంబంధం ఉండవచ్చని పరిశోధకులు భావించారు. "అప్పుడేమైంది? నీకెలా అనిపించింది?" అని గుచ్చి గుచ్చి అడుగుతూ, పిల్లలు చెప్పినదానికి మరికొంత జోడిస్తూ మాట్లాడే తల్లుల పిల్లలు, తర్వాతి కాలంలో తమ అనుభవాలను మరింత వివరంగా చెప్పగలరని ఎలేన్ రీస్, రాబిన్ ఫివుష్ వంటివారి పరిశోధనలు చూపాయి. గుర్తుంచుకోవడం, చెప్పడం అనేవి పిల్లలకు చాలా మేరకు ఒకే విద్యగా అబ్బుతాయన్నమాట.

మరి ఆ చెప్పడానికి ఒక కట్టడం ఏమైనా ఉందా? 1960లలో న్యూయార్క్ నగరంలో జనం మాట్లాడే తీరును అధ్యయనం చేస్తున్న భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్‌కు ఒక చిక్కు ఎదురైంది. టేప్ రికార్డర్ ముందు కూర్చున్న మనిషి ఆచితూచి మాట్లాడతాడు. లబోవ్‌కు కావలసినదేమో మామూలు మాట. అందుకని ఆయన, ప్రాణం పోతుందనిపించిన సందర్భం మీ జీవితంలో ఎప్పుడైనా వచ్చిందా అని అడిగేవాడు. అవునన్న మనిషి దాన్ని చెప్పక తప్పదు, చెప్పడం మొదలుపెట్టాక టేప్ రికార్డర్ సంగతి మరిచిపోతాడు. ఉచ్చారణ కోసం వేసిన ఆ వలలో కథలు కూడా పడ్డాయి. వాటి ఆధారంగా జాషువా వాలెట్‌స్కీతో కలిసి 1967లో ఆయన రాసిన వ్యాసం, సామాన్యుల అనుభవ కథనాలకూ గట్టి నిర్మాణం ఉంటుందని చూపింది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అనే పరిచయం, ఆపైన చిక్కుముడి, చివర దాని విడుపు ఉండటంలో ఆశ్చర్యమేమీ లేదు. లబోవ్ అన్నిటికంటే విలువైనదిగా పట్టుకున్నది 'మూల్యాంకనం' అనే భాగాన్ని. ఈ సంగతి ఎందుకు చెప్పదగినదో వినేవారికి తెలియజేసే మాటలన్నీ అందులోకే వస్తాయి: "ఇక అయిపోయిందనుకున్నాను", "అలాంటిది మళ్ళీ చూడలేదు" వంటివి. కథ ముగిశాక శ్రోత నోట "అయితే ఏమిటట?" అన్న ప్రశ్న రాకుండా చూసుకోవడమే కథకుడి అసలు కష్టమని ఆయన గ్రహించాడు. ఆ భయమే మన జ్ఞాపకాలను కూడా దిద్దుతుందని నాకనిపిస్తుంది.

శ్రోత పాత్ర ఎంతటిదో కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయంలో జానెట్ బవేలస్ బృందం చేసిన ప్రయోగం చెబుతుంది. త్రుటిలో తప్పిన ప్రమాదం గురించి ఒకరు చెప్పాలి, మరొకరు వినాలి. కొందరు శ్రోతలకు మాత్రం, వింటూనే ఫలానా అక్షరంతో మొదలయ్యే మాటలెన్ని వచ్చాయో లెక్కపెట్టమని రహస్యంగా పని అప్పగించారు. అలాంటి శ్రోత ఎదురుగా ఉన్నప్పుడు కథకులు తడబడ్డారు. ముఖ్యంగా కథ పతాకస్థాయికి చేరవలసిన చోటే, చెప్పినదాన్నే మళ్ళీ చెబుతూ, అది నిజంగా ప్రమాదమేనని సమర్థించుకుంటూ, చప్పగా ముగించారు. ఊకొట్టడాన్ని మర్యాద అనుకుంటాం కానీ, సరైన చోట కొట్టిన ఊ కథలో సగం బరువు మోస్తుంది. ఏ చోట ఎదుటివాళ్ళ కళ్ళు పెద్దవయ్యాయో మనకు గుర్తుంటుంది, మరుసటిసారి ఆ చోట మరికాస్త సేపు నిలుస్తాం.

ఇలా సాగిన మార్పు ఎంతవరకు పోగలదో కొలవాలంటే సంఘటన జరిగిన వెంటనే రాసిపెట్టిన సాక్ష్యం కావాలి. 1986 జనవరి 28న అమెరికా వ్యోమనౌక ఛాలెంజర్ పేలిపోయింది. మర్నాడు ఉదయమే అక్కడి ఎమరీ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ పరిశోధకులు ఉల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ తమ విద్యార్థుల చేత, ఆ వార్త ఎక్కడ, ఎవరి ద్వారా విన్నారో రాయించి దాచారు. రెండున్నరేళ్ళ తర్వాత వారిలో 44 మందిని అవే ప్రశ్నలు అడిగి రెండు జవాబులనూ పోల్చి, 7 మార్కులకు దిద్దితే, సగటు 3కు కాస్త తక్కువగా తేలింది. పూర్తి మార్కులు ముగ్గురికే వచ్చాయి, 11 మందికి సున్నా. తరగతి గదిలో ఉండగా ఎవరో వచ్చి మాట్లాడుకుంటుంటే విన్నానని తొలినాడు రాసిన ఒక విద్యార్థిని, తర్వాత హాస్టల్ గదిలో స్నేహితురాలితో కలిసి టీవీలో చూశానని గట్టిగా చెప్పింది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ తర్వాతి ఘట్టం. విద్యార్థులకు తమ చేతిరాతతోనే ఉన్న పాత కాగితాన్ని చూపించినా, పాత జ్ఞాపకం తిరిగి రాలేదు. కొత్త కథ పాతదాని మీద పరుచుకోవడమే కాక, దాని స్థానాన్నే ఆక్రమించినట్టుంది. పైగా టీవీ ముందు కూర్చుని కళ్ళారా చూడటం, తరగతిలో చెవినపడటం కంటే మంచి కథ.

దీన్ని బట్టి మనుషులంతా కట్టుకథలు చెబుతారని తీర్మానిస్తే తొందరపాటే. ఇదే నైసర్ 1981లో ప్రచురించిన మరో అధ్యయనం, అమెరికాలో ప్రతిపక్ష కార్యాలయంలో జరిగిన చొరబాటుతో మొదలైన వాటర్‌గేట్ కుంభకోణంలో సాక్షి అయిన, అధ్యక్ష భవనపు న్యాయ సలహాదారు జాన్ డీన్ గురించి. అధ్యక్షుడు నిక్సన్‌తో జరిగిన సంభాషణలను 1973లో సెనేట్ కమిటీ ముందు డీన్ ఎంత వివరంగా చెప్పాడంటే, పత్రికలు ఆయన జ్ఞాపకశక్తికి ముక్కున వేలేసుకున్నాయి. అప్పటికి ఆయనకు తెలియని సంగతి ఏమిటంటే, నిక్సన్ కార్యాలయంలో ఆ మాటలన్నీ రికార్డయ్యాయి. పోల్చి చూస్తే, 1972 సెప్టెంబర్ 15 నాటి సమావేశంలో నిక్సన్ తనను కూర్చోమన్నాడని డీన్ చెప్పిన మాట టేపులో లేదు. మరెన్నో వివరాలు కూడా సరిపోలేదు. అయినా నేరాన్ని కప్పిపుచ్చే ప్రయత్నం నిక్సన్‌కు తెలిసే జరుగుతోందన్న మూల విషయం అక్షరాలా నిజం. పలు సమావేశాల సారం కలిసి ఒక సన్నివేశంగా రూపుకట్టిందనీ, ఆ సన్నివేశంలో డీన్ కాస్త పెద్ద పీట మీద కూర్చున్నాడనీ నైసర్ వివరించాడు.

ఆ పెద్ద పీట కవలలలో మరీ స్పష్టంగా కనిపిస్తుంది. మెర్సిడెస్ షీన్, సైమన్ కెంప్, డేవిడ్ రూబిన్ 2001లో ప్రచురించిన పరిశోధనలో, ఒకే సంఘటనను "అది జరిగింది నాకే" అని ఇద్దరు కవలలూ వాదించుకున్న ఉదాహరణలు బయటపడ్డాయి. ఇద్దరి మనసులోనూ దృశ్యం స్పష్టంగానే ఉంటుంది. తర్వాత ఆ పరిశోధకులు గమనించినదేమిటంటే, గెలుపులనూ దెబ్బలనూ మనుషులు తమ ఖాతాలో వేసుకుంటారు, చేసిన తప్పులను తోబుట్టువు ఖాతాకు వదిలేస్తారు. కవలలు కాని తోబుట్టువుల్లోనూ ఇలాంటి తగవులు ఉంటాయి. తేనెటీగ కుట్టింది నన్నా, అక్కనా అని మా ఇద్దరికీ ఇప్పటికీ తెగలేదు. కుట్టిన చెయ్యి ఏదో ఇద్దరికీ కచ్చితంగా గుర్తుంది. అమ్మను అడిగితే, కుట్టింది అక్కనేననీ, ఏడ్చింది మాత్రం నేననీ, అదీ తనకు నాన్న చెప్పినదేననీ అంటుంది.