ఇచ్చిన తీర్పును అదే కోర్టు ఎప్పుడు తిరగదోడవచ్చు?

భూపాలపల్లి ప్రాంతంలోని కొంపల్లి గ్రామంలో 106.34 ఎకరాల భూమి అడవిదా, పట్టాదారుదా అన్న వివాదంలో హైకోర్టు మొదట అప్పీలులో ప్రభుత్వం పక్షాన తీర్పు చెప్పింది. తర్వాత రివ్యూ పిటిషన్‌లో, అంటే తీర్పిచ్చిన కోర్టునే దాన్ని మళ్లీ చూడమని కోరే దరఖాస్తులో, అదే హైకోర్టు ఆ తీర్పును తలకిందులు చేసింది. 2024 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఆ రివ్యూ ఉత్తర్వును కొట్టేసింది. డిక్రీ (తీర్పు ఫలితాన్ని చెప్పే కోర్టు ఉత్తర్వు) తర్వాత పుట్టిన కాగితాలను నమ్మి, సాక్ష్యాన్ని మళ్లీ తూచడం రివ్యూ పని కాదని తేల్చింది. ఇరుపక్షాలకూ చెరో 5 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. అవతలి పక్షానికి అనుకూలంగా అఫిడవిట్లు వేసిన అధికారులపై విచారణ జరుపుకోవచ్చని ప్రభుత్వానికి చెప్పింది.

రివ్యూకు గీసిన ఈ గీత కొత్తది కాదు. సివిల్ కేసులు నడిపే పద్ధతిని చెప్పే 1859 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే రివ్యూ ఉంది. కొత్త సాక్ష్యం దొరికినా, మరేదైనా తగిన కారణం ఉన్నా అడగవచ్చన్నారు. రికార్డు చూడగానే కనిపించే తప్పు అన్న కారణం 1877 కోడ్‌లో చేరింది. ఇప్పుడు అమల్లో ఉన్న 1908 కోడ్‌లో ఈ మూడూ 114వ సెక్షన్ కింద, ఆర్డర్ 47 రూల్ 1లో ఉన్నాయి.

‘తగిన కారణం’ అన్న మాట చూసి, న్యాయం జరగలేదనిపిస్తే చాలనుకునేవారు ఎక్కువ. 1922లో ఛజ్జూ రామ్ కేసులో అప్పట్లో పై అప్పీలు కోర్టు అయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఆ దారి మూసేసింది. ఆ కారణం మిగతా రెండింటి (కొత్త సాక్ష్యం, కనిపించే తప్పు) కోవకు చెందినదై ఉండాలంది. ఇక కనిపించే తప్పు అంటే ఏమిటో 1963లో తుంగభద్ర ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. పెద్దగా వాదించకుండానే వేలు పెట్టి చూపగలగాలి, దానిపై రెండో అభిప్రాయానికి తావుండకూడదు. తీర్పు తప్పయినంత మాత్రాన చాలదు. ఉదాహరణకు, భూమి సరిహద్దుల గురించి చెప్పిన సాక్షిని జడ్జి ఎందుకు నమ్మలేదన్నది అప్పీలులో అడగాల్సిన ప్రశ్న.

భూమి కేసుల్లో ఎక్కువ రివ్యూలు వీగిపోయేది కొత్త సాక్ష్యం దగ్గరే. ఓడిపోయాక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి పాత దస్తావేజు నకలో, తహసీల్దారు ఆఫీసు నుంచి పహాణీలో (భూమి, సాగు వివరాల రికార్డు) తెస్తారు. దావా నడుస్తున్నప్పుడూ అవి అక్కడే ఉన్నాయి కదా అని కోర్టు అడుగుతుంది. ఎంత శ్రద్ధగా వెతికినా అప్పట్లో దొరకలేదనో, తెలియలేదనో గట్టిగా రుజువు చేయాలని అదే ఆర్డర్ 47లోని రూల్ 4 చెబుతుంది. వకీలు దాఖలు చేయలేదన్న సమాధానం సాధారణంగా నిలవదు. తీర్పు ఆధారపడ్డ న్యాయసూత్రాన్ని తర్వాత మరో కేసులో పైకోర్టు మార్చినా అది రివ్యూకు కారణం కాదని 1976 సవరణ స్పష్టం చేసింది.

డిక్రీలో సర్వే నంబరో విస్తీర్ణమో తప్పుగా టైపయితే రివ్యూ అక్కర్లేదు. 152వ సెక్షన్ కింద ఎప్పుడైనా దిద్దించుకోవచ్చు. తప్పు దావా పత్రంలోనే ఉంటే పని అంత తేలిక కాదు.

గడువు 30 రోజులు. తీర్పు ఇచ్చిన జడ్జి అదే కోర్టులో ఉంటే ఆయనే వినాలి. అవతలివారికి నోటీసు ఇవ్వకుండా రివ్యూ అనుమతించకూడదు. తిరస్కరిస్తే ఆ ఉత్తర్వుపై అప్పీలు లేదు, రెండో రివ్యూ కూడా లేదు. అసలు డిక్రీపై అప్పీలు హక్కు మిగిలే ఉంటుంది గానీ, దాని గడువు (జిల్లా కోర్టుకు 30 రోజులు, హైకోర్టుకు 90) రివ్యూ కోసం ఆగదు. రివ్యూ తేలాక వెళ్తే ఆలస్యాన్ని మన్నించమని విడిగా అడుక్కోవాలి. చాలామంది ఇక్కడే భూమి పోగొట్టుకుంటారు. ముందు రివ్యూ వేసి, గడువులోపే అప్పీలు కూడా వేస్తే, అప్పీలు తేలేదాకా రివ్యూ వినవచ్చని తుంగభద్ర కేసే చెప్పింది. ముందే అప్పీలు వేస్తే మాత్రం రివ్యూ దారి మూసుకుపోతుంది.

రెవెన్యూ అధికారుల సంగతి వేరు. రివ్యూ అధికారం దానంతటది రాదు, చట్టమే ఇవ్వాలని 1970లో పటేల్ నర్షీ థాకర్షీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తన పాత ఉత్తర్వును మార్చిన అధికారికి ఆ అధికారం ఏ సెక్షన్ ఇచ్చిందన్నదే మొదట చూడాలి.