నిక్సన్ చిట్టా పుస్తకం

చిరంజీవులు శ్రావ్యకు, నందుకు,

తాతయ్య ఆశీస్సులు.

శ్రావ్యా, మొన్న ఫోన్లో నువ్వడిగిన దానికి అప్పుడే జవాబు చెబుదామనుకున్నాను గానీ, మీ అమ్మ ఫోన్ లాక్కుని నా బీపీ మాత్రల సంగతి మొదలుపెట్టింది. అందుకే ఈ ఉత్తరం. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ తన గదిలో మాటలన్నీ తనే టేపుల్లోకి ఎక్కించుకున్నాడనీ, చివరికి ఆ టేపులే ఆయన పదవి ఊడగొట్టాయనీ బడిలో పాఠం విని, "తాతయ్యా, దొంగెవడైనా తన మాటలు తనే రికార్డ్ చేసుకుంటాడా?" అన్నావు. నాకు వెంటనే పూర్ణా మార్కెట్లో మా పెదనాన్న కిరాణా కొట్టు గుర్తొచ్చింది.

విశాఖపట్నంలో అది చాలా చిన్న కొట్టు. సగం బేరం అరువు మీదే. గల్లాపెట్టె పక్కన ఎర్ర అట్ట వేసిన పొడుగాటి చిట్టా పుస్తకం ఉండేది. ఎవరు వంద గ్రాముల చింతపండు పట్టుకెళ్లినా అప్పటికప్పుడు పద్దు పడాల్సిందే. నెలాఖరున "నేనెప్పుడు తీసుకున్నాను?" అని ఎవరైనా అడ్డం తిరిగితే తీసి చూపించడానికి. అంటే ఆ రాతంతా ఎదుటివాళ్ల కోసం. ఒకసారి ఒక పెద్దావిడ బాకీ తీర్చేశానంది, ఈయన లేదన్నాడు. "అయితే చిట్టా తియ్యి నాయనా" అందావిడ. పెదనాన్న ఒక్క క్షణం ఆగి, "పుస్తకం ఇంటి దగ్గరుండిపోయింది" అన్నాడు. పుస్తకం అక్కడే ఉంది. నేను దానిమీద మోచెయ్యి ఆనించుకుని బెల్లం ముక్క చప్పరిస్తున్నాను!

నిక్సన్ 1971 ఫిబ్రవరిలో తన ఆఫీసు గదిలో రహస్యంగా మైకులు పెట్టించాడు. తర్వాత మరికొన్ని గదులకీ ఫోన్లకీ. రేపు తన చరిత్ర తను రాసుకోవడానికి పనికొస్తాయని, ఇక్కడొక మాట అని బయటికెళ్లి ఇంకో మాట అనేవాళ్లకి జవాబుగా ఉంటాయని. ఆ గదిలో ఎవరైనా నోరు విప్పితే చాలు, టేపు దానంతటదే తిరిగేది. రెండున్నరేళ్లలో దాదాపు 3,700 గంటల మాటలు పోగుపడ్డాయి. మా పెదనాన్న కనీసం ఏది రాయాలో చూసుకుని రాసేవాడు. ఈ యంత్రానికి ఆ విచక్షణ లేదు.

1972 జూన్ 17 తెల్లవారుజామున వాషింగ్టన్‌లో వాటర్‌గేట్ అనే భవనంలో ఫ్రాంక్ విల్స్ అనే 24 ఏళ్ల వాచ్‌మన్ తలుపు గడియ పడకుండా టేపు అంటించి ఉండటం చూసి పీకేశాడు. మళ్లీ వచ్చేసరికి మళ్లీ అంటించి ఉంది. పోలీసులకి ఫోన్ చేశాడు. ప్రతిపక్షమైన డెమొక్రాట్ల ఆఫీసులో దూరిన ఐదుగురు దొరికారు. వాళ్లని పంపింది నిక్సన్ ఎన్నికల ప్రచారం మనుషులే. ఆరు రోజుల తర్వాత, జూన్ 23న, ఈ దర్యాప్తు ముందుకెళ్లకుండా గూఢచారి సంస్థ సీఐఏ చేత, దర్యాప్తు చేస్తున్న ఎఫ్‌బీఐకి చెప్పించే ఉపాయానికి నిక్సన్ తన గదిలో కూర్చుని సరేనన్నాడు. ఆ పద్దు చిట్టాకెక్కింది. బయట ఎవరికీ తెలీదు. ఆ నవంబర్‌లో 50 రాష్ట్రాల్లో 49 గెలిచాడు. ఎలాగూ గెలిచేవాడికి ఆ చాటుమాటు పనులెందుకో చెప్పండి! మార్కులు వచ్చే పిల్లలే కాపీ కొడితే ఎంత బాధేస్తుందో, అంత బాధ.

కొట్టు రహస్యం బయటపెట్టేది ఎప్పుడూ గుమాస్తానే. 1973 జులై 16న సెనేట్ కమిటీ ముందు, నిక్సన్ దగ్గర పనిచేసిన అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్ అనే ఆయన, అడిగినదానికి అబద్ధం చెప్పలేక, టేపులున్నాయనేశాడు. ఇక దేశమంతా ఒకటే మాట: చిట్టా తియ్యి.

తియ్యడే! పట్టుబట్టి అడిగిన ప్రత్యేక ప్రాసిక్యూటర్ ఆర్చిబాల్డ్ కాక్స్‌ని తీసెయ్యమన్నాడు. తీసెయ్యలేనని అటార్నీ జనరల్ రాజీనామా చేశాడు. ఆయన కిందాయనా అంతే. మూడో మనిషి తీసేశాడు. తర్వాత నిక్సన్, అసలు టేపుల బదులు తన మనుషుల చేత రాయించి దిద్దించిన 1,200 పైచిలుకు పేజీల నకలు ఇచ్చాడు. నకలు చిట్టా చూపించే కొట్టువాణ్ణి ఎవరు నమ్ముతారు? ఒక టేపులోనైతే 18 నిమిషాలకు పైగా మాటలే లేవు, గరగరమని చప్పుడే. చింపేసిన కాగితం అన్నమాట. చివరికి 1974 జులై 24న సుప్రీంకోర్టు 8-0 తీర్పుతో టేపులు ఇవ్వాల్సిందే అంది. ఆ తీర్పు చదివిన ప్రధాన న్యాయమూర్తిని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది నిక్సనే. కుర్చీ ఇచ్చినవాడినైనా లెక్క అడగొచ్చు పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి.

ఆ మర్నాడే, నిక్సన్‌ని పదవిలోంచి తొలగించాలా అని విచారిస్తున్న పార్లమెంటు దిగువసభ కమిటీలో టెక్సాస్ నుంచి వచ్చిన బార్బరా జోర్డాన్ మాట్లాడింది. దక్షిణాది రాష్ట్రాల నుంచి ఆ సభకి ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ. రాజ్యాంగం రాసినప్పుడు అందులోని 'మేము ప్రజలం'లో తనలాంటివాళ్లు లేరని గుర్తుచేసి, అయినా అదే రాజ్యాంగం మీద తన నమ్మకం సంపూర్ణమంది. టేపుల్లోని ఆ జూన్ 23 పద్దు బయటపడ్డాక ఆగస్టు 9న నిక్సన్ దిగిపోయాడు. జైలుకెళ్లాడా అంటావేమో నందూ, లేదు. నెల తిరిగేసరికి కొత్త అధ్యక్షుడు ఫోర్డ్ క్షమించేశాడు. నిక్సన్ దగ్గర పనిచేసినవాళ్లు చాలామంది జైలుకెళ్లారు. ఈ వార్తలు పేపర్లో చదివి ప్రజాస్వామ్యమంటే ఇదీ అని చర్చించుకున్న మాకు, ఏడాది తిరక్కుండానే 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చి, ఆ పేపర్లకే సెన్సార్ పడింది. అది ఇంకో ఉత్తరం.

మరి అంత ప్రమాదమని తెలిశాక టేపులు ఎందుకు తగలబెట్టలేదు? కాల్చెయ్యమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. నాకు తోచింది చెబుతాను. పెదనాన్న చిట్టాలో ఆ పెద్దావిడ పద్దు ఒక్కటే ఉందా? ఊరందరూ తనకి ఇవ్వాల్సిన బాకీలన్నీ అందులోనే ఉన్నాయి. చింపితే అన్నీ పోతాయి. నిక్సన్‌కీ అంతే అనుకుంటాను. చైనాతో చెయ్యి కలపడం, రష్యాతో అణ్వాయుధాల ఒప్పందం, ఆయన గొప్ప అనుకున్నవన్నీ అదే పుస్తకంలో ఉన్నాయి. కాకపోతే ఇక్కడ నా పోలిక కుంటుతుంది. కొట్టు పెదనాన్న సొంతం. వైట్‌హౌస్ నిక్సన్ సొంతం కాదు. అప్పటిదాకా అధ్యక్షుడి కాగితాలు ఆయన సొంతమే అనుకునేవారు. ఈ గొడవ తర్వాత 1978లో చట్టం చేసి, ఇకపై వచ్చే అధ్యక్షుల కాగితాలు ప్రజలవే అన్నారు.

ఆ చిట్టాలో మన పద్దూ ఉంది. పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైన 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు పెద్ద చప్పుడైంది. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన విశాఖ తీరంలోనే మునిగిందని తర్వాత తెలిసింది. కిటికీలకి నల్ల కాగితాలు, వీధంతా చీకటి. కొద్దిరోజులకి అమెరికా యుద్ధనౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వస్తోందన్నారు. మధ్యాహ్నం బడిలో మేం తినేది అమెరికా వాళ్లు పంపిన రవ్వతో చేసిన ఉప్మా. సాయంత్రం బీచ్‌లో నిలబడి అమెరికా ఓడ కనిపిస్తుందేమోనని చూసేవాళ్లం. ఉప్మా పెట్టేవాళ్లే బాంబులు ఎందుకేస్తారో ఏడో తరగతివాడికి ఎలా అర్థమవుతుంది? అసలు సంగతి చైనా. అంతకుముందు జులైలో నిక్సన్ మనిషి కిసింజర్ పాకిస్తాన్ వెళ్లి, కడుపునొప్పి అని నాటకమాడి, రహస్యంగా చైనాకి ఎగిరిపోయాడు. ఆ దారి చూపించింది పాకిస్తాన్. అందుకే యుద్ధంలో నిక్సన్ పాకిస్తాన్ వైపు మొగ్గాడు. డిసెంబర్ 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది, ఓడ మా కంటపడలేదు.

ఆ నౌకని పంపిన రోజుల్లో ఆ గదిలో ఏం మాట్లాడుకున్నారో ఇప్పుడు ఎవరైనా వినొచ్చు. అంతకు నెల ముందు, నవంబర్‌లో, ఇందిరాగాంధీని ముసలి మంత్రగత్తె అన్న మాట కూడా ఆ టేపుల్లో ఉంది. టేపులు ఇంటర్నెట్‌లో ఉచితం. కాలిఫోర్నియాలో నిక్సన్ లైబ్రరీ ఉన్న ఊరు యోర్బా లిండా మీ ఇంటికి దగ్గరే కదా, ఒక ఆదివారం నాన్నని తీసుకెళ్లమనండి. టేపుల్లో సగం ముక్కలు సరిగ్గా వినపడవు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, పక్కన రాసిన కాగితం ఉంచుకోండి. వాటర్‌గేట్ తర్వాత. ముందు 1971 డిసెంబర్ వినండి.

ఇట్లు,
మీ తాతయ్య