‘మన ఎంపీ పులులకు వ్యతిరేకంగా ఓటేసిండట’: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఏ బిల్లుకు ఏ ఎంపీ ఎటు ఓటేసిండో రికార్డులో దొరుకుతుంది.

చాలా బిల్లులకు దొరకదు. వన్యప్రాణి సంరక్షణ చట్ట సవరణ 2022లో (లోక్‌సభ ఆగస్టు 2, రాజ్యసభ డిసెంబర్ 8), అటవీ సంరక్షణ చట్ట సవరణ 2023లో (జులై 26, ఆగస్టు 2) రెండు సభలూ దాటాయి. అన్నిసార్లూ మూజువాణి ఓటే, అంటే ‘అవును’, ‘కాదు’ అన్న గొంతులు విని సభాపతి తేల్చేసేది. సభ్యులెవరైనా డివిజన్ (ఎవరు ఎటు ఓటేశారో లెక్కించే ఓటింగ్) కావాలని పట్టుబడితే తప్ప పేర్లు నమోదు కావు. మరి వాట్సాప్‌లో తిరిగే ‘అనుకూలం, వ్యతిరేకం’ కార్డులు ఎక్కడివి? పార్టీని చూసి ఊహించి రాసినవి.

నమ్మే ముందు సంసద్ (పార్లమెంటు) వెబ్‌సైట్‌లో ఆ తేదీ చర్చల ప్రతి తెరిచి, బిల్లు చివరి పేజీ చూడండి. ‘తీర్మానం ఆమోదం పొందింది’ అన్న ఒక్క వాక్యమే ఉంటే మూజువాణి. డివిజనైతే అనుకూలం, వ్యతిరేకం అని పేర్లతో రెండు జాబితాలుంటాయి. వాటిలో పేరు లేదంటే వ్యతిరేకించినట్టు కాదు, ఆ రోజు సభకే రాకపోయి ఉండొచ్చు. పేరున్నా విప్ (ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశం) సంగతి మరవొద్దు. విప్ ధిక్కరించిన సభ్యుడిని పార్టీ 15 రోజుల్లోగా మన్నించకపోతే రాజ్యాంగం పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) కింద సభ్యత్వానికే ఎసరు.

ఎంపీ మనసు తెలియాలంటే బిల్లును పరిశీలించిన పార్లమెంటు కమిటీ నివేదిక చివరి పేజీల్లోని అసమ్మతి పత్రాలు చదవండి. 2023 అటవీ బిల్లు రెండు సభల సంయుక్త కమిటీకి వెళ్లింది, అసమ్మతి తెలిపిన సభ్యుల పేర్లు అక్కడున్నాయి.

అపోహ: సభలో వేసిన ప్రశ్నలు సున్నా అంటే ఎంపీ నిద్రపోతున్నట్టే. కేంద్ర మంత్రులు ప్రశ్నలు వేయరు, హాజరు పట్టీలో సంతకమూ పెట్టరు. ముందు అది చూసుకోండి.

అపోహ: జంతువుల బతుకు ఓటుతోనే తేలుతుంది.

అందరికీ ఎక్కువ నష్టం తెచ్చేది ఇదే. బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీది రాబందులనే తీసుకోండి. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వేసిన పశువు చస్తే, దాని కళేబరం తిన్న రాబందులు చచ్చిపోతాయి. అందుకే పశువులకు ఆ మందు వాడకాన్ని 2006లో ఆపారు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు మళ్లుతుంటే 2015లో ఇంజెక్షన్ సీసాను 3 మి.లీ.కి కుదించారు. 2023లో పశువులకు కీటోప్రొఫెన్, అసెక్లోఫెనాక్ అనే నొప్పి మందులు కూడా నిషేధించారు. అన్నీ సర్కారు ఉత్తర్వులే, దేనికీ సభలో ఓటింగ్ లేదు.

కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వు (వన్యప్రాణుల కోసం కేటాయించే ప్రాంతం) ప్రకటించిన తెలంగాణ సర్కారు జీవో 49 కూడా అంతే. 2025 మే 30న వచ్చింది, ఆదివాసీల ఆందోళనతో జులైలో నిలిపివేశారు. ఊళ్లు ఖాళీ చేయిస్తారేమోనని గూడేలు వణికిపోయాయి. ఆ భయాన్ని తప్పుపట్టలేం, ముందుగా కూర్చోబెట్టి చెప్పాల్సింది సర్కారే. ఇలాంటి రిజర్వుల గురించి వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 36ఎ చెప్పేది మాత్రం స్పష్టం: స్థానికులతో సంప్రదించాకే ప్రకటించాలి, అదీ సర్కారు భూమినే.

కాబట్టి కార్డులు ఫార్వర్డ్ చేసే బదులు, సర్కారు ప్రకటనలు అచ్చయ్యే గెజెట్ చూడండి. అభయారణ్యం చుట్టూ ఎకో సెన్సిటివ్ జోన్ (కొన్ని పనులపై ఆంక్షలుండే ప్రాంతం) ముసాయిదా వస్తే అభ్యంతరాలకు 60 రోజుల గడువుంటుంది. ‘మేం వ్యతిరేకం’ అని ఊరంతా సంతకాలు పెట్టి పంపితే పక్కన పడేస్తారు. ఊరి పేరు, సర్వే నంబరు, ఏ పేరాలో ఏ మాట మార్చాలో రాసి, ముసాయిదాలో ఇచ్చిన చిరునామాకే పంపి రసీదు దాచుకోండి. ఒక కాపీ ఎంపీకీ ఇవ్వండి, ప్రశ్న వేయాలంటే ఆయనకు కనీసం 15 రోజుల ముందు నోటీసు పడుతుంది.