నూరకూడని బిళ్ళ

ముత్తుకూరు

చిట్టీ, నానీ,

అవ్వ షుగర్ బిళ్ళ మింగలేకపోతోందని, నూరి నీళ్ళలో కలిపిస్తానంది చిట్టి. నేను వద్దన్నాను. ఎందుకో ఫోన్లో చెప్తే తేలేది కాదు, అందుకే ఈ ఉత్తరం.

ఆ బిళ్ళ పేరు పక్కన ఎస్ఆర్ (సస్టెయిన్డ్ రిలీజ్) అని ఉంటుంది. మందు గంటల తరబడి కొద్దికొద్దిగా దిగేలా చేసిన బిళ్ళ అది. నూరితే అంతా ఒకేసారి ఒంట్లోకి దిగుతుంది. మింగలేకపోతే డాక్టరుకే చెప్పాలి, వేరే రకం రాసిస్తారు.

మరి మందును అలా పట్టి ఉంచేదేమిటి? చాలా బిళ్ళల్లో, తడి తగిలితే జిగురుగా ఉబ్బే పాలిమర్. ల్యాబుల్లో ఇంకో జోడీ మీద కూడా పని జరుగుతోంది. అది మనకు బాగా తెలిసిన సరుకే: రొయ్య పొట్టు, బంకమట్టి.

మన గుంటల్లో పట్టిన రొయ్యల్ని ఒలిచాక మిగిలే పొట్టులో కైటిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. యాసిడ్‌తో సున్నాన్ని, క్షారంతో మాంసకృత్తుల్ని తీసేసి, మిగిలినదాన్ని చిక్కటి కాస్టిక్ సోడాలో కాస్తే కైటోసాన్ వస్తుంది. పులుపు నీళ్ళలో కరిగి ధనావేశం తెచ్చుకోవడం దీని గుణం.

మట్టంటే చెరువు మట్టి కాదు, బెంటొనైట్ అనే బంకమట్టి‌లో ఉండే మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం. సైదాపురం కాకిబంగారాన్ని గోటితో పొరలు పొరలుగా లేపారు గదా, దానికి ఇది దాయాది. కాకిబంగారంలో పొటాషియం పొరల్ని బిగబట్టేస్తుంది, నీళ్ళు దూరవు. ఇందులో ఉండే సోడియం అంత గట్టిగా పట్టుకోదు. నీళ్ళు దూరగానే పొరలు ఎడమవుతాయి. ఒక్కో పొర మందం సుమారు 1 నానోమీటరే! పొరల మీద రుణావేశం కాబట్టి, ధనావేశమున్న మందు అణువులు సోడియాన్ని నెట్టేసి అక్కడ తిష్ఠ వేస్తాయి. కైటోసాన్ కూడా అలాగే అతుక్కుంటుంది. ఒంట్లోని లవణాలు వచ్చి కదిలిస్తేనే మందు బయలుదేరుతుంది, అదీ పొరల చుట్టూ తిరిగి తిరిగి రావాలి.

ఒట్టి మట్టినే నమ్ముకుంటే కొన్ని మందులు పూర్తిగా బయటికే రావు. ఒట్టి కైటోసాన్ అయితే పొట్టలోని యాసిడ్‌కే కరిగిపోతుంది. అందుకే సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్‌ను పైన తొడుగుతారు. అది యాసిడ్‌లో ముడుచుకుని, పేగుల్లోకి వెళ్ళాక ఉబ్బుతుంది. నా మటుకు నాకు ఈ మూడింటి కూర్పే బాగుంది.

మీ కెమిస్ట్రీ మేడం ఒప్పుకుంటే, ఆమె ముందే ఒకటి చేసి చూడండి. సోడియం ఆల్జినేట్ ద్రావణంలో మందుకు బదులుగా కాస్త మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు కలిపి, కాల్షియం క్లోరైడ్ నీళ్ళలో చుక్కలుగా వదలండి, పూసలు కడతాయి. ఇంకో విడతలో చిటికెడు బెంటొనైట్ కూడా కలపండి. రెండు రకాల పూసల్నీ వేరువేరు గ్లాసుల్లో ఉప్పునీళ్ళలో వేసి, ఏ గ్లాసులో నీలం ముందు దిగిందో రాయండి.

మీ తాత