పాతికేళ్లకే పాతబడిన యవ్వనం

చలికాలం రాత్రి. ఇద్దరూ వీధి చివరి స్నానశాలకు వెళ్తారు. కలిసే బయటికి వద్దామని ముందే అనుకుంటారు. అయినా ప్రతిసారీ ఆమే ముందు వచ్చి అతని కోసం నిలబడాల్సి వస్తుంది. తడిజుట్టు చల్లబడిపోతుంది. చేతిలో చిన్న సబ్బు టకటకమంటుంది. ఇద్దరి మెడకూ మఫ్లర్ బదులు ఎర్రటి తువ్వాలు. ఉండేది నది పక్కన, మూడు చాపలు పట్టే అద్దెగదిలో, అంటే సుమారు 5 చదరపు మీటర్లు.

1973 సెప్టెంబరులో కాగుయాహిమె అనే ముగ్గురు కుర్రాళ్ల బృందం విడుదల చేసిన 'కందగావ' పాటలో ఉన్నది దాదాపు ఇంతే. ఆనాటి ఇలాంటి పాటలు విన్నప్పుడల్లా నన్ను పట్టుకునేది ఆ పేదరికం కాదు, ఆ భూతకాలం. నీకిప్పుడు గుర్తుండకపోవచ్చు అన్న మాటతోనే పాట మొదలవుతుంది. రాసిన కితాజో మకోతోకు అప్పటికి పాతికేళ్లు. ఆ వయసులో యవ్వనం అయిపోయినట్టు ఎందుకు రాశాడు? అదీ అతనొక్కడే కాదు, ఆ నాలుగైదేళ్లలో జపాన్ కుర్రకారు పాటలన్నీ వెనక్కి తిరిగి చూస్తున్నట్టే ఉంటాయి. ముసలివాళ్లయ్యాక వాళ్లు పాటల్లోకి బెంగను తెచ్చుకోలేదు. పాట పుట్టినప్పుడే బెంగ అందులో ఉంది.

దీనికి మూలం యుద్ధం ముగిసిన కొత్తల్లో ఉంది. 1947 నుంచి 1949 దాకా మూడేళ్లలో జపాన్‌లో సుమారు 80 లక్షల మంది పుట్టారు. వాళ్లకు 'దంకై' తరం అని పేరు, అంటే ఒకే ముద్ద. బడిలో కిక్కిరిసిన తరగతి గదులు, పరీక్షల్లో పోటీ, ఉద్యోగాల దగ్గర పోటీ, అన్నీ వాళ్లకు గుంపుగానే ఎదురయ్యాయి. పైచదువుకు వెళ్లలేని పిల్లలు పదిహేనేళ్లకే ఈశాన్య జిల్లాల నుంచి ప్రత్యేక రైళ్లెక్కి టోక్యోలోని ఉయెనో స్టేషన్‌లో దిగి ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో చేరిపోయారు. 1954లో మొదలైన ఆ రైళ్లు 1975 దాకా నడిచాయి.

వాళ్ల కోసం మొదట పాటలు రాసింది పెద్దవాళ్లే. 1963లో ఫునాకి కజువో స్కూలు యూనిఫాంలో నిలబడి హైస్కూలు చివరి ఏడాది గురించి పాడిన పాట దేశమంతా మోగింది. దానికి బాణీ కట్టిన ఎన్‌దో మినోరు పేదరికం వల్ల హైస్కూలు గడప తొక్కలేకపోయినవాడు. ఆ పాటలో యవ్వనం శుభ్రంగా, ఎండలో ఆరేసిన చొక్కాలా ఉంటుంది. అది కుర్రాళ్ల యవ్వనం కాదు, పెద్దవాళ్లు కోరుకున్న యవ్వనం అని నాకనిపిస్తుంది.

కుర్రాళ్లు తమ పాట తాము రాసుకోవడం ఆ తరవాతే మొదలైంది. దాన్నే జపాన్‌లో 'ఫోకు' అన్నారు. అది మన జానపదం లాంటిది కాదు. గిటారు పట్టుకుని, సొంత మాటలతో, సొంత గొంతుతో పాడే పాట. 1967 చివర్లో క్యోటో విద్యార్థుల బృందం ఫోక్ క్రూసేడర్స్ పాటొకటి లక్షల కాపీలు అమ్ముడుపోయింది. సరిగ్గా అదే ఏడాది అర్ధరాత్రి రేడియో కార్యక్రమాలు మొదలయ్యాయి. పరీక్షలకు చదువుతూ, చెవి దగ్గర ట్రాన్సిస్టర్ పెట్టుకుని విన్న లక్షల మంది పిల్లలకు ఆ పాటలు ఒంటరి గదిలోనే పరిచయమయ్యాయి. ఒకాబయాషి నొబుయాసు లాంటివాళ్లు రోజుకూలీల గురించి, యుద్ధం గురించి పాడారు.

ఇక 1969. జనవరిలో టోక్యో విశ్వవిద్యాలయం యసుదా హాలులో, విశ్వవిద్యాలయ పాలనపై తిరగబడ్డ విద్యార్థులు తలుపులు మూసుకుని కూర్చుంటే పోలీసులు రెండు రోజులు పోరాడి ఖాళీ చేయించారు. ఆ ఏడాది ఆ విశ్వవిద్యాలయం ప్రవేశపరీక్షే జరగలేదు. వసంతం నుంచి శనివారం సాయంత్రాల్లో షిన్‌జుకు స్టేషన్ పడమటి ద్వారం దగ్గర వియత్నాం యుద్ధ వ్యతిరేకులు గిటార్లతో పాడుతుంటే వేలమంది గుమిగూడేవారు. జూలైలో అధికారులు అక్కడి బోర్డు మార్చేశారు. 'పడమటి ద్వారం మైదానం' కాస్తా 'పడమటి ద్వారం దారి' అయింది. దారి కాబట్టి నడుస్తూ ఉండాలి, ఆగకూడదు. ఒక్క మాట మార్చి పాటను వెళ్లగొట్టడం ఎంత తేలికో!

తరవాత దెబ్బ లోపలి నుంచే తగిలింది. 1972 ఫిబ్రవరిలో, విద్యార్థి ఉద్యమంలోంచే పుట్టిన ఒక సాయుధ దళానికి చెందిన ఐదుగురు యువకులు అసామా కొండ విడిదిలో ఒక మహిళను బందీ చేసి పది రోజులు పోలీసులను ఎదిరించారు. జనమంతా టీవీల ముందు కూర్చుని చూశారు. అంతకుముందే ఆ దళం తన సొంత సభ్యులనే 12 మందిని కొండల్లో చంపేసిందని తరవాత బయటపడింది. నిన్నటిదాకా ఊరేగింపుల్లో నడిచిన మామూలు కుర్రాళ్లకు ఇక ఏ నినాదం ఎత్తాలన్నా నోరు పెగల్లేదు.

పాట గదిలోకి వచ్చేసింది అప్పుడే. పేపర్లో ఏవేవో పెద్ద సమస్యలున్నాయి గానీ ఇవాళ నా సమస్య వాన, ఆమె దగ్గరికి వెళ్లడానికి గొడుగు లేదు అని ఇనోవుయె యోసుయి 1972లో పాడాడు. పెళ్లి చేసుకుందాం అంటూ యోషిదా తకురో పాడితే పాత ఫోకు అభిమానులు 'ఇంటికి పో' అని అరిచారు. ఇలాంటి పాటలకు, చిన్న అద్దెగది కొలతను బట్టి, 'నాలుగున్నర చాపల ఫోకు' అని పేరు పడింది.

'కందగావ' ఈ మలుపులోనే పుట్టింది. కితాజో వసేదా విశ్వవిద్యాలయంలో చదువు మధ్యలో మానేసినవాడు. పాట రాస్తే బృందంలోని మినామి కోసెత్సు కొద్ది నిమిషాల్లో బాణీ కట్టాడట. ఆల్బంలో ఒక పాటగా ఉన్నది, రేడియోలో విన్న శ్రోతలు అడగడంతో విడి రికార్డుగా వచ్చింది. అందులో ఒక మాట మీద ఇప్పటికీ చర్చ నడుస్తుంది. ఆ వయసులో దేనికీ భయపడలేదు, నీ మంచితనానికి తప్ప అని. అమ్మాయి గొంతుతో సాగే పాటలో అది తన మాటేనని కితాజో తరవాత చెప్పుకున్నాడు. పోలీసులతో తలపడి గదికి వస్తే ఆమె వంట చేస్తూ కనిపించింది. ఆ వీపు చూసి, ఈ మంచితనంలో తానిక కరిగిపోతాడేమోనని భయపడ్డాడు. ఊరేగింపు గురించి ఒక్క ముక్కా లేని ఈ పాటలో ఊరేగింపంతా దాగి ఉంది.

ఆ ఏడాది చివర జపాన్ జాతీయ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వారి ప్రతిష్ఠాత్మక పాటల కార్యక్రమానికి పిలుపొచ్చింది. పాటలో రంగు కణికలకు వాడిన 'కురెపాసు' అన్న మాట ఒక కంపెనీ సరుకు పేరు కాబట్టి దాన్ని 'క్రేయాన్' చేయమన్నారు. వాళ్లు మార్చబోమని మానుకున్నారు. 1992లో కోసెత్సు అదే వేదిక మీద పాటను ఉన్నదున్నట్టు పాడాడు.

1975 నాటికి బాధ మరో రూపం తీసుకుంది. అరాయి యుమి రాయగా బాన్‌బాన్ బృందం పాడిన పాటలో ఒక కుర్రాడు విద్యార్థి సభలకు తిరిగి, ఉద్యోగం దొరికాక పొడవు జుట్టు కత్తిరించుకుని, మనమిక కుర్రాళ్లం కాదులే అంటాడు. ఉద్యమం చల్లారేనాటికి అరాయి యుమి ఇంకా స్కూలు పిల్ల. తనది కాని ఓటమిని ఇరవై ఒకటో ఏట అంత దగ్గరగా ఎలా పట్టుకుందో! 1973 చివర చమురు సంక్షోభం వచ్చి ఉద్యోగం మరింత విలువైనదైంది. జుట్టు కత్తిరించుకున్నవాళ్లు కంపెనీల్లో కుదురుకుని, 2007 నుంచి వరసగా అరవై ఏళ్లకు చేరారు. దానికి ఒక ఏడాది ముందు సెప్టెంబరులో, షిజువోకా జిల్లా త్సుమగోయిలో తకురో, కాగుయాహిమె కలిసి మళ్లీ కచేరీ చేశారు. 1975లో రాత్రంతా పాడిన చోటే అది. సుమారు 35 వేలమంది వచ్చారు. 2025కల్లా ఆ తరమంతా 75 దాటింది.

'కందగావ' పాటలోలాంటి స్నానశాలలు 1968 ప్రాంతంలో దేశమంతా సుమారు 18 వేలు ఉండేవి, ఇప్పుడు రెండు వేలకు లోపే. కాగుయాహిమె బృందంలోని ఇసె షోజో రాయగా 1975లో ఇరుకా పాడిన 'నగోరియుకి' మాత్రం ఒకచోట ఇంకా రోజూ వినిపిస్తుంది. వసంతంలో పడ్డ చివరి మంచు, టోక్యో వదిలి వెళ్లిపోతున్న అమ్మాయి, ప్లాట్‌ఫాం మీద మిగిలిపోయిన అబ్బాయి, ఇదీ ఆ పాట. రాస్తున్నప్పుడు ఇసె మనసులో ఉన్నది తన సొంతూరు, ఒయితా జిల్లాలోని త్సుకుమి స్టేషన్. ఇప్పుడు ఆ స్టేషన్‌లోకి రైలు వస్తుంటే స్పీకర్లలో మోగేది ఆ బాణీయే.